హద్దు మీరిన వేగం – మొరాయించిన కంప్యూటరు

కంప్యూటరు పనిచెయ్యకపోతే మనలో చాలామంది చేసే మొదటి పని దాని నెత్తిన రెండు దెబ్బలు వెయ్యడం. రెండో పని తెలిసినవాడి కోసం పరుగెత్తడం. పోయిన డిసెంబరులో ఒక చలిపొద్దున నేనూ ఈ రెండు పనులూ చేశాను. దెబ్బలకు అది లొంగలేదు. తెలిసినవాడు ఊళ్ళో లేడు. ఇంకో మూడు రోజుల్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. నాతోపాటు మరో ఇద్దరు మిత్రుల మార్కులు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఆ మూడు రోజుల్లోనూ, ఆ తరువాత మరో వారంలోనూ నేను నేర్చుకున్నది సాటి విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

ముందు ఆ కంప్యూటరు కథ చెప్పాలి. మాది మిరప, పత్తి పండించే ఇల్లు. బోరు మోటారుకు కాయిలు చుట్టించాలని మా నాన్న మిర్చి అమ్మిన డబ్బులో కొంత పక్కన పెట్టాడు. నేను డిగ్రీలో కంప్యూటర్ సైన్సు తీసుకున్నానని, గదిలో కంప్యూటరు ఉంటే బాగుంటుందని ఒకసారి మాటవరసకు అన్నాను. "మోటారు ఇంకో ఏడాది లాగుతుందిలే" అని ఆ డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. దానితో ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాను. అందులో ఉన్నది 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె ప్రాసెసరు. వయసు మళ్ళినదే గాని గట్టి పిండం. ఆ డబ్బుతో కొన్న యంత్రాన్ని నేను ఏం చేశానయ్యా అంటే, ఓవర్‌క్లాక్ చేశాను.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి?

కోలాటంలో తాళం వేసేవాడు ఒకడుంటాడు. అతని తాళానికి అందరూ అడుగు వేస్తారు, కర్ర కలుపుతారు. ప్రాసెసరులో కూడా అంతే. మదర్‌బోర్డు మీది క్లాకు సెకనుకు 10 కోట్ల సార్లు తాళం వేస్తుంది. దాన్నే 100 మెగాహెర్ట్జులు అంటారు. ప్రాసెసరు ఈ తాళాన్ని లోపల ఒక గుణకంతో హెచ్చవేసుకుంటుంది. నా ప్రాసెసరుకు కంపెనీ ఇచ్చిన గుణకం 33. అంటే సెకనుకు 330 కోట్ల తాళాలు, అనగా 3.3 గిగాహెర్ట్జులు. పేరు చివర 'కె' అనే అక్షరం ఉందంటే ఆ గుణకాన్ని మనం మార్చుకోవచ్చునని అర్థం. నేను దాన్ని 45 చేశాను. 4.5 గిగాహెర్ట్జులయింది. పైసా ఖర్చు లేకుండా మూడో వంతుకు పైగా అదనపు వేగం!

ఉచితంగా వచ్చేది ఏదీ ఉచితం కాదని మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. 3.3 గిగాహెర్ట్జుల దగ్గర ఒక తాళానికీ మరో తాళానికీ మధ్య సుమారు 0.30 నానోసెకన్లు ఉంటుంది. 4.5 దగ్గర అది 0.22కు తగ్గిపోతుంది. ఆ కొద్ది వ్యవధిలో ట్రాన్సిస్టర్లు ఒక స్థితి నుంచి మరో స్థితికి మారి కుదురుకోవాలి. కర్ర కర్రకు తగలకముందే తరువాతి తాళం పడితే కోలాటం చెడినట్టే, ఇక్కడ లెక్క చెడుతుంది. ట్రాన్సిస్టర్లు త్వరగా మారాలంటే వోల్టేజి పెంచాలి. నేను సుమారు 1.2 వోల్టుల నుంచి 1.35కు పెంచాను.

ఇక్కడ మన భౌతికశాస్త్రం లెక్క ఒకటి వేసుకుందాం. ప్రాసెసరు ఖర్చు చేసే విద్యుత్తులో పెద్ద భాగం వోల్టేజి వర్గాన్నీ, వేగాన్నీ హెచ్చవేసిన దానికి అనులోమంగా ఉంటుంది. వేగం 1.36 రెట్లయింది. వోల్టేజి 1.125 రెట్లయింది, దాని వర్గం 1.27. రెండూ హెచ్చవేస్తే దాదాపు 1.72. కంపెనీ ఈ ప్రాసెసరుకు రాసిన ఉష్ణ పరిమితి 95 వాట్లు. ఆ లెక్కన నేను దాన్ని 160 వాట్ల దాకా తీసుకుపోయానన్నమాట. వేగం పెరిగింది మూడో వంతు, భారం పెరిగింది ముప్పాతిక వంతు. ఈ లెక్క నేను ముందు వేసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

మరి కంపెనీవారు 3.3 అని ఎందుకు రాశారు? పిసినారితనమా? కాదు. ఒకే చేలో కాసిన కాయలన్నీ ఒక్కలా ఉండనట్టే, ఒకే పలకలో తయారైన చిప్పులన్నీ ఒక్కలా ఉండవు. వాటిలో బలహీనమైనది కూడా ఎండాకాలంలో, కరెంటు అటూ ఇటూ అయినప్పుడు, కొన్నేళ్ళు వాడిన తరువాత తప్పు లేకుండా పనిచెయ్యాలి. అందుకని కొంత పరిమాణం మిగులు పెడతారు. ఆ మిగులును వాడుకోవడమే ఓవర్‌క్లాకింగ్. కొన్ని చిప్పుల్లో ఈ మిగులు చాలా ఎక్కువ. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ అనే ప్రాసెసరు ఇందుకు పేరు పడ్డది. 66 మెగాహెర్ట్జుల తాళాన్ని 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జుల చిప్పు 450 దగ్గర నడిచేది. ఆనాటి కుర్రవాళ్ళకు అది పండుగ. అయితే చిప్పు చిప్పుకూ మిగులు వేరు. పక్కవాడి చిప్పు నడిచిందని మనది నడవాలని లేదు.

మీట నొక్కిన తరువాత

జబ్బు తెలియాలంటే ఆరోగ్యం తెలియాలి. మీట నొక్కిన క్షణం నుంచి తెర మీద బొమ్మ వచ్చేలోపల ఏం జరుగుతుందో చూద్దాం.

గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఎస్.ఎమ్.పి.ఎస్. అనే విద్యుత్తు పెట్టె 5 వోల్టుల సన్నని ధారను మదర్‌బోర్డుకు అందిస్తూనే ఉంటుంది. మనం మీట నొక్కగానే బోర్డు ఆ పెట్టెకు కబురు పంపుతుంది. అప్పుడది 12, 5, 3.3 వోల్టుల ధారలను వదులుతుంది. అవి ప్రమాణంలో చెప్పిన హద్దుల్లో, అంటే అయిదు శాతం అటూ ఇటూ లోపల, కుదురుకున్నాక "కరెంటు బాగుంది" అని సంకేతమిస్తుంది. ఇదంతా అర సెకనులోపు పని. ఆ సంకేతం వచ్చేదాకా ప్రాసెసరును కదలనివ్వరు. వచ్చాక అది నిద్ర లేచి, బయాస్ చిప్పులోని మొదటి ఆజ్ఞను చదువుతుంది. అక్కడినుంచి వరసగా ప్రాసెసరు, ర్యాము, తెరకు బొమ్మ పంపే భాగం, డిస్కు పరీక్షకు నిలబడతాయి. అన్నీ ప్యాసయితేనే విండోసుకో, లినక్సుకో పగ్గాలు అప్పగిస్తారు.

మనం మార్చిన గుణకం, వోల్టేజి, ర్యాము వేగం కూడా ఈ పరీక్షల సమయంలోనే అమలవుతాయి. కాబట్టి ఓవర్‌క్లాక్ చేసిన యంత్రం తరచు బొమ్మ కూడా చూపకుండా ఇక్కడే ఆగిపోతుంది.

ఎక్కడ ఆగింది?

అందుచేత అడగవలసిన మొదటి ప్రశ్న "ఏం చెడిపోయింది?" అని కాదు, "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని. ఫ్యాను అసలు తిరగకపోతే కరెంటు, మీట తీగ, లేక ఎక్కడో షార్టు. ఫ్యాను రెండు మూడు సెకన్లు తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి, ఇలా దొంగాట ఆడుతుంటే ప్రాసెసరో, ర్యామో పరీక్ష తప్పుతోందనీ, బోర్డు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందనీ అనుకోవచ్చు. ఫ్యాను తిరుగుతూ బొమ్మ రాకపోతే ర్యామునో, గ్రాఫిక్స్ కార్డునో అనుమానించాలి. చాలా బోర్డుల మీద ఇందుకోసం చిన్న దీపాలుంటాయి, లేదా బీప్ చప్పుళ్ళుంటాయి. వాటి అర్థం బోర్డుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. బొమ్మ వచ్చి, విండోసు లేచే వేళ నీలిరంగు తెర పడి ఆగితే, స్టార్టింగు సరే గాని వేగానికి తగిన వోల్టేజి చాలడం లేదని తరచు అర్థం.

నాది రెండో రకం. అదీ ఒక్కరోజుగా రాలేదు. అంతకుముందు వారం రోజులనుంచీ పొద్దున్నే మూడు నాలుగుసార్లు నొక్కితేగాని లేవడం లేదు. ఒకసారి లేచిందా, రాత్రిదాకా దివ్యంగా నడిచేది. ముసలి ఎద్దు, నాలుగుసార్లు అదిలిస్తేగాని లేవదనుకుని ఊరుకున్నాను. యంత్రం చెప్పిన మాట నేను వినలేదు. చివరికి ఆ ఉదయం ఎన్నిసార్లు అదిలించినా లేవలేదు.

దిక్కుతోచక ఇంటికి ఫోను చేశాను. మా నాన్నకు కంప్యూటరు తెలియదు. అయినా అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఏరా, మన మోటారు స్టార్టవకపోతే ముందు బోరులోంచి పైపులు లాగుతామా?"

"లాగం."

"ఏం చేస్తాం? ఫీజులు చూస్తాం. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూస్తాం. స్టార్టరు చూస్తాం. అన్నీ బాగుంటేనే గదా మోటారు జోలికి పోయేది. ఖర్చులేనిది ముందు చూడు. ఒకసారికి ఒకటే ముట్టుకో. రెండు కదిపావంటే దేనివల్ల బాగయిందో నీకే తెలియదు."

ప్రయోగశాలలో ఒక్క చరరాశిని మాత్రమే మార్చాలని లెక్చరర్లు మూడేళ్ళుగా మాకు చెబుతున్నది ఇదే. నా బుర్రకెక్కింది మాత్రం ఆ రోజునే.

ఒక్కొక్కటీ విడదీసి

మొదటిది కరెంటు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టాను. బోర్డుకు వచ్చే 24 పిన్నుల ప్లగ్గు, ప్రాసెసరు పక్కనుండే చిన్న ప్లగ్గు ఊడదీసి గట్టిగా నొక్కి పెట్టాను. మార్పు లేదు.

రెండవది, కంపెనీ ఇచ్చిన అమరికకు తిరిగి వెళ్ళడం. ఓవర్‌క్లాక్ చేసిన ఏ యంత్రానికైనా ఇదే రాజమార్గం. గోడ ప్లగ్గు పీకి, మిగిలిన కరెంటు పోయేలా మీటను కాసేపు నొక్కి పట్టుకుని, బోర్డు మీద ఇందుకోసం ఉన్న రెండు పిన్నులను పుస్తకంలో చెప్పినట్టు కలిపాను. ఆ పిన్నులు దొరకకపోతే బోర్డు మీది బటన్ సెల్లును కొద్ది నిమిషాలు తీసి పెట్టినా చాలా బోర్డుల్లో సరిపోతుంది. ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. గడియారం, తేదీ మరిచిపోయి వెనకటి కాలానికి వెళ్ళిపోయింది గాని, మొదటి నొక్కుకే లేచి కూర్చుంది!

ఇక్కడితో కథ అయిపోయిందని సంబరపడ్డాను. కాని నిజానికి తెలిసింది ఒక్కటే. వేగం తగ్గిస్తే జబ్బు కనబడడం లేదు. జబ్బు ఎక్కడుందో ఇంకా తెలియలేదు. అది తెలుసుకోకుండా నేను చేసిన తెలివితక్కువ పని, రిపోర్టు తొందరలో గుణకాన్ని 43కు పెంచడం. 45 కాదు గదా, 43కు ఏం ఫరవాలేదనుకున్నాను. లేచింది కూడా.

స్టార్టవకపోవడం కంటే పెద్ద ప్రమాదం

మా ప్రాజెక్టు జంట లోలకం. ఒక లోలకం చివర ఇంకో లోలకం వేలాడదీస్తే అది ఎలా ఊగుతుందో కంప్యూటరు చేత లెక్క కట్టించడం. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా, పోనుపోను దాని దారి పూర్తిగా మారిపోతుంది. అదే ప్రోగ్రాముకు అవే అంకెలిస్తే మాత్రం ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే రావాలి.

43 గుణకంతో మూడు గంటల్లో లెక్క పూర్తయింది. గ్రాఫు గీశాం. ఆ రాత్రి మా మిత్రుడు ఒకడు బొమ్మ పెద్దదిగా కావాలని ప్రోగ్రామును మళ్ళీ నడిపాడు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె జారిపోయింది. సగందాకా ఒకే దారి, ఆ పైన దేనిదారి దానిదే. మూడోసారి నడిపితే మూడో దారి. ఎక్కడో ఒక లెక్కలో ఒక్క అంకె తప్పి ఉండాలి. ఆ ఒక్క తప్పును లోలకం పెంచి పెంచి మాకు చూపించింది. వేరే ప్రాజెక్టు అయి ఉంటే ఆ తప్పు ఎవరికీ కనబడేది కాదు. మేం అబద్ధాన్ని బైండు చేయించి, సంతకాలు పెట్టి ఇచ్చి ఉండేవాళ్ళం.

వెంటనే అమరికలన్నీ మొదటికి తెచ్చి రెండుసార్లు నడిపాం. రెండుసార్లూ ఒకటే ఫలితం. ఒక్కోసారికీ ముప్పావుగంట పైచిలుకు ఎక్కువ పట్టింది. ఆ ముప్పావుగంట మిగుల్చుకోవడానికి నేను ముగ్గురి ఏడాది కష్టాన్ని పణంగా పెట్టానన్నమాట. స్టార్టవని కంప్యూటరు నిజాయితీపరుడు, "నావల్ల కాదు" అని చెబుతుంది. లేచి, నవ్వుతూ తప్పు లెక్క చెప్పే కంప్యూటరే ప్రమాదకరం. అస్థిరంగా ఉన్న ర్యాముతో డిస్కు మీది ఫైళ్ళు కూడా మనకు తెలియకుండానే పాడవుతాయి.

దొంగ దొరికాడు

రిపోర్టు ఇచ్చేశాక తీరిగ్గా మళ్ళీ మొదలుపెట్టాను. ప్రాసెసరును కంపెనీ వేగంలోనే ఉంచి ర్యామును పరీక్షించాను. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఈ ప్రాసెసరుకు కంపెనీ చెప్పిన ర్యాము వేగం 1333 దాకానే. నా ర్యాము మీద 1600 అని రాసి ఉంది. బయాస్‌లో ఎక్స్.ఎమ్.పి. అనే అమరిక పెట్టి ఆ 1600 తెచ్చుకుంటే అదీ ఓవర్‌క్లాకింగే! చేత్తో ఇనప పెట్టెను ముట్టుకుని ఒంటి మీది స్థిరవిద్యుత్తు పోగొట్టుకున్నాక, ర్యాము కర్రలు రెండూ తీసి, బంగారు రంగు అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, దులిపి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను. ఒక్క తప్పు కూడా రాలేదు. ర్యాము నిర్దోషి.

తరువాత వేడి. కూలరులో దుమ్ము ఉంది, దులిపాను. కాని కాస్త ఆలోచిస్తే, రాత్రంతా చల్లగా పడుకున్న ప్రాసెసరు, కూలరు సరిగ్గా బిగించి ఉండగా, రెండు సెకన్లలో వేడెక్కి ఆగదు. పైగా నా యంత్రం చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తోంది, వెచ్చబడ్డాక నడుస్తోంది. ఈ ఒక్క లక్షణమే దొంగను పట్టించింది.

ఎస్.ఎమ్.పి.ఎస్. లోపల ద్రవం నింపిన కెపాసిటర్లుంటాయి. కరెంటులోని ఒడుదుడుకులను నున్నగా చేయడం వాటి పని. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ద్రవం ఆరి, వాటి లోపలి నిరోధం పెరుగుతుంది. చలిలో ఇంకా పెరుగుతుంది, వెచ్చబడితే తగ్గుతుంది. అందుకే పొద్దున్నే నాలుగు నొక్కులు! ఫిజిక్సు ల్యాబులో లెక్చరరు గారి అనుమతితో మల్టీమీటరు తెచ్చి పసుపు తీగ దగ్గర కొలిచాను. మామూలు వేగంలో 12 వోల్టులు సరిగ్గా ఉంది. 45 గుణకంతో బరువైన లెక్క నడిపితే 11.3 చూపింది. ప్రమాణం ప్రకారం 11.4 కన్న తగ్గకూడదు. క్షణకాలపు పతనాలను మల్టీమీటరు చూపలేదు కాబట్టి అసలు పరిస్థితి ఇంకా అధ్వాన్నంగా ఉండి ఉండవచ్చు. మిత్రుడి దగ్గర మంచి ఎస్.ఎమ్.పి.ఎస్. తెచ్చి పెడితే మూడు ఉదయాలు వరసగా మొదటి నొక్కుకే లేచింది. జంట లోలకం కూడా మాట మార్చలేదు.

ఒక హెచ్చరిక. ఎస్.ఎమ్.పి.ఎస్. పెట్టెను ఎవరూ విప్పవద్దు. 230 వోల్టుల కరెంటు లోపల సుమారు 325 వోల్టులుగా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకినా అది కొంతసేపు పోదు. దాన్ని మార్చడమే గాని బాగుచేయడం మన పని కాదు.

మిగులు ఎవరి కోసం?

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. మా నాన్న నవ్వి పాత సంగతి గుర్తుచేశాడు. నేను ఇంటర్లో ఉండగా ఒక వేసవిలో వోల్టేజి తక్కువగా వచ్చేది. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, స్టార్టరులోని రిలే పడిపోతుంది. మాటిమాటికీ చేనికి పరుగెత్తలేక మా నాన్న ఆ రిలే ముల్లును పై అంకెకు తిప్పాడు. మోటారు ఆగకుండా నడిచింది, పైరు తడిసింది. నెల తిరక్కుండా కాయిలు కాలిపోయింది.

"రిలే మనల్ని సతాయించడానికి లేదురా. మోటారును కాపాడడానికి ఉంది" అన్నాడు. ఈ మాట పెద్ద కంపెనీలకూ వర్తిస్తుంది. 2024లో ఇంటెల్ సంస్థ తన 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని నిలకడ తప్పడానికి అవసరాన్ని మించిన వోల్టేజి కారణమని ప్రకటించి, సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్ళు పెంచింది. సిలికానుకైనా, రాగితీగకైనా మోయగల భారం ఒకటుంటుంది.

ఓవర్‌క్లాక్ చెయ్యవద్దని నేను అనను. నేర్చుకోవడానికి అది మంచి విద్య. కాని ముందు ఎస్.ఎమ్.పి.ఎస్. బలం చూసుకోండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరేచోట దాచుకోండి. గుణకాన్ని ఒక్కొక్క మెట్టే పెంచి, ప్రతి మెట్టు దగ్గరా గంటసేపు బరువైన లెక్క నడిపి, వేగం, వోల్టేజి, వేడి నోటుపుస్తకంలో రాసుకోండి. పొద్దున్నే మొదటి నొక్కుకు లేవకపోతే ఆ మెట్టు మీది కాదని దిగిపోండి. మార్కులు ఆధారపడిన పని మాత్రం కంపెనీ వేగంలోనే చెయ్యండి.

నా కంప్యూటరు ఇప్పుడు 33 గుణకంతోనే నడుస్తోంది. కొత్త ఎస్.ఎమ్.పి.ఎస్. నా ట్యూషను డబ్బుతో కొన్నాను. ఈ ఏడు మిర్చి అమ్మితే ముందు మోటారుకు కాయిలు చుట్టించమని మా నాన్నకు చెప్పాను.